సోషియాలజీకి ట్యూషన్ దొరకనివాళ్లకు: నెట్‌లో ఏది తీసుకోవాలి, ఏది వదిలెయ్యాలి

"మేడమ్, ఫిజిక్సుకి మా వీధిలోనే నాలుగు ట్యూషన్లున్నాయి. సోషియాలజీకి ఒక్కటీ లేదే!" కాలేజీ తెరిచిన నెలలోపే ఈ మాట కనీసం పదిసార్లు వింటాను. అడిగేది ఎక్కువగా బెంగళూరులోని మన తెలుగువాళ్లే. మారతహళ్లి అపార్ట్‌మెంట్లవాళ్లు, కె.ఆర్.పురంలో కూరగాయల వ్యాపారం చేసేవాళ్లు, బాగేపల్లి, చింతామణి, ముళబాగిలు నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లలు. వాళ్ల వెనకాలే ఆ ఏడాది చేరిన గెస్ట్ లెక్చరర్లు: "మెటీరియల్ ఎక్కడ దొరుకుతుంది మేడమ్?" ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో చెప్పీ చెప్పీ విసిగి, అంతా ఒకచోట పెడుతున్నాను.

మెటీరియల్‌కి కరువేమీ లేదు. చిక్కంతా ఏమిటంటే, దొరికేదాంట్లో మీది కానిదే ఎక్కువ. ఒకటి వేరే బోర్డుది, ఒకటి సివిల్స్ రాసేవాళ్లది, ఇంకొకటి అమెరికా పిల్లలది. అందుకే కింద చెప్పే పనిలో సగం ఏరిపారెయ్యడమే.

కావలసినవి

అచ్చు పాఠ్యపుస్తకం ఒకటి. ఫోనైనా చాలు, ల్యాప్‌టాప్ ఉంటే మేలు. గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్. ఇంట్లోనో ఊళ్లోనో ఓపిగ్గా మాట్లాడే అమ్మమ్మో నానమ్మో ఒకరు (నవ్వకండి, ఆరో మెట్టులో ఆవిడతో పనుంది).

1. మీ బోర్డు ఏదో ముందు తేల్చుకోండి

కర్ణాటక పియులో (అంటే మన ఇంటర్) సోషియాలజీ కోడ్ 28. సీబీఎస్ఈలో 039, ఐఎస్సీలో 854, ఎన్ఐఓఎస్‌లో 331. ఈ నాలుగూ నాలుగు సిలబస్‌లు. సైన్సు గ్రూపు అన్నయ్య ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే చదివాడు కదా అని ఆర్ట్స్ తమ్ముడికి కూడా అవే కొనిపెట్టేవాళ్లు ఏటా కనిపిస్తారు. పియు సోషియాలజీకి కర్ణాటక తన సొంత పుస్తకం వేసింది. దాన్నీ ఎన్‌సీఈఆర్‌టీనీ పక్కపక్కన పెట్టి విషయసూచిక చూడండి. కులం, కుటుంబం, జనాభా రెండింట్లోనూ ఉంటాయి గానీ, అధ్యాయాల కూర్పు వేరు, పరీక్షలో అడిగే నిర్వచనాలు వేరు.

సరిచూసుకోవడం తేలిక. ఏ వీడియో అయినా, ఏ నోట్స్ అయినా తెరవగానే అధ్యాయం పేరు మీ పుస్తకంలో ఉందో లేదో చూడండి. లేకపోతే అక్కడే మూసెయ్యండి. "ఎంతైనా సోషియాలజీయే కదా" అని గంట కూర్చోవద్దు. వెతికేటప్పుడు కూడా ఉత్త "సోషియాలజీ నోట్స్" అని కొట్టకండి. "సెకండ్ పియుసి", "కర్ణాటక", అధ్యాయం పేరు, మూడూ కలిపి కొట్టండి.

2. పుస్తకం సర్కారు సైటు నుంచే దించుకోండి

చిరునామా చివర "కర్ణాటక డాట్ గవ్ డాట్ ఇన్" అనో "ఎన్ఐసి డాట్ ఇన్" అనో ఉండాలి. ఇంగ్లీషు మీడియం పుస్తకం, కన్నడ మీడియం పుస్తకం రెండూ దించుకోండి. మీరు రాసేది ఇంగ్లీషులోనే అయినా కన్నడ పుస్తకంతో అవసరముంది, ఆరో మెట్టులో చెబుతాను.

"ఉచిత పీడీఎఫ్" అని ఊరించే ప్రైవేటు సైట్లతో రెండు ఇబ్బందులు. ఒకటి, ఫోన్ నంబరు ఇవ్వందే ఫైలు తెరుచుకోదు. ఇచ్చారా, మర్నాటి నుంచి కోచింగ్ సెంటర్ల ఫోన్లు. రెండోది అసలైనది: ఆ ఫైళ్లు పాతవి. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో తన పుస్తకాల్లో చాలా భాగాలు తగ్గించింది. సీబీఎస్ఈ పిల్లలు పాత కాపీ దించుకుంటే లేని పాఠం చదువుతారు. మొదటి పేజీల్లో ముద్రణ సంవత్సరం ఉంటుంది, అది చూశాకే సేవ్ చెయ్యండి.

3. పాత ప్రశ్నపత్రాలు, వాటితోపాటు స్కీమ్

మల్లేశ్వరంలోని పరీక్షల బోర్డు, అదే మనం కేఎస్ఈఏబీ అంటున్నది, తన సైటులో మోడల్ పేపర్లు, పాత పేపర్లు, మూల్యాంకనానికి వాడే స్కీమ్ పెడుతుంది. అందరూ పేపర్లు దించుకుంటారు, స్కీమ్ వదిలేస్తారు. నన్నడిగితే పేపరు కంటే స్కీమే విలువైనది. అయిదు మార్కుల జవాబులో ఏ పాయింటుకి ఎంత ఇస్తారో అందులో ఉంటుంది. మీరు పేజీన్నర రాసినా ఆ పాయింట్లు లేకపోతే మార్కులు రాలవు; అరపేజీలో ఉంటే రాలతాయి.

ఒక జాగ్రత్త: 2023 వరకు వచ్చిన పేపర్లు 100 మార్కులవి. ఆ తర్వాతివి 80 మార్కుల థియరీ, 20 ఇంటర్నల్. పాత పేపర్లు ప్రశ్నల సాధనకు బాగానే పనికొస్తాయి. టైము పెట్టుకుని రాసే ప్రాక్టీసుకి మాత్రం కొత్త నమూనావే వాడండి.

4. అధ్యాయానికి రెండే వనరులు

పాఠ్యపుస్తకం చదివాక అర్థం కాని చోటికి మాత్రమే బయటికి వెళ్లాలి. వెళ్లినా రెండు చోట్లకే.

విద్యార్థులైతే మొదట ఎన్ఐఓఎస్ వారి 331 పాఠాలు చూడండి. దూరవిద్య పిల్లల కోసం, పక్కన టీచరు లేరనుకుని రాసినవి కాబట్టి వాక్యాలు చిన్నవి, మధ్యమధ్య ప్రశ్నలు, చివర జవాబులు ఉంటాయి. ఎన్‌సీఈఆర్‌టీ తర్వాత చూడండి. ముఖ్యంగా పదకొండో తరగతిలో భారతీయ సమాజశాస్త్రవేత్తల అధ్యాయం. అనంతకృష్ణ అయ్యర్, శరత్‌చంద్ర రాయ్, ఘుర్యే, డి.పి. ముఖర్జీ, ఎ.ఆర్. దేశాయ్, ఎం.ఎన్. శ్రీనివాస్ ఒకేచోట దొరుకుతారు. పుస్తకాల మీద ఉండే క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్షా యాప్‌లోకి వెళ్తుంది. కొన్నిచోట్ల మంచి వీడియో ఉంటుంది, కొన్నిచోట్ల ఏమీ ఉండదు. స్వయం పోర్టల్‌లో పదకొండో తరగతి సోషియాలజీ కోర్సు కూడా ఉంది. చేరాలంటే ఓపిక కావాలి.

లెక్చరర్లకైతే ఇగ్నో వారి ఈ-జ్ఞానకోశ్. పాత బీఏ కోర్సుల్లో ఈఎస్ఓ-11 నుంచి ఈఎస్ఓ-14 దాకా నాలుగూ దించి పెట్టుకోండి. సమాజ అధ్యయనం, భారతదేశ సమాజం, సమాజశాస్త్ర ఆలోచనలు, స్తరీకరణ అని వరుసగా వస్తాయి. క్లాసుకు వెళ్లే ముందు రాత్రి చదువుకోవడానికి ఇంతకంటే మంచివి నాకు దొరకలేదు. పిల్లలకు మాత్రం పంపకండి. నా మొదటి ఏడాది ఉత్సాహం కొద్దీ గ్రూపులో పెట్టాను. మర్నాడు సగం మంది సబ్జెక్టు మార్చుకుంటామని వచ్చారు.

5. వీడియోలు: చూడటం కంటే ఆపడం ముఖ్యం

తెలుగులో వెతికితే గ్రూప్-1, సివిల్స్ ఆప్షనల్ వీడియోలే ముందు వస్తాయి. వెబర్, డుర్క్‌హైమ్, పార్సన్స్ అంటూ గంటలు గంటలు. చెప్పేవాళ్లు బాగానే చెబుతారు, కానీ ఆ లోతు మీ పరీక్షకు అక్కర్లేదు. ఇంగ్లీషులో వెతికితే క్రాష్ కోర్స్ లాంటి అమెరికన్ సిరీస్‌లు. బొమ్మలూ వేగమూ భలే ఉంటాయి. అయితే అక్కడ అసమానత అంటే జాతివర్ణం, ఇక్కడ కులం. ఉదాహరణ అక్కడిది పట్టుకొచ్చి మన పేపర్లో రాస్తే దిద్దేవాళ్లు సున్నా చుట్టరు గానీ, పూర్తి మార్కులూ వెయ్యరు.

నేను చెప్పే పద్ధతి ఇది. పది నిమిషాలు చూడండి, ఆపండి, నోట్‌బుక్ తీసి చూసిందాన్ని మూడు వాక్యాల్లో మీ మాటల్లో రాయండి. రాయలేకపోతే మళ్లీ అదే పది నిమిషాలు. రెండోసారీ రాలేదంటే ఆ వీడియో మీకు పనికిరాదు. మీలో లోపమేమీ లేదు.

6. మూడు గళ్ల పదకోశం

తెలుగు పిల్లలు వదిలేసేదీ, వాళ్లకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేదీ ఇదే.

నోట్‌బుక్ చివరి నలభై పేజీల్లో మూడు గళ్లు గీయండి: పుస్తకంలోని ఇంగ్లీషు పదం, కన్నడ పుస్తకంలోని పదం, ఇంట్లో మనం అనే మాట. క్లాసులో లెక్చరర్ కన్నడంలో వివరిస్తారు, పుస్తకం ఇంగ్లీషు, ఆలోచన తెలుగు. ఈ మూడింటి మధ్య పదం జారిపోతుంది. సమాజం, కుటుంబం, సంస్కృతి లాంటివి రెండు భాషల్లోనూ ఒకటే కాబట్టి కన్నడం తేలికే అనిపిస్తుంది. మోసపోయేది అక్కడే. కన్నడంలో "జాతి" అంటే కులం. మనకు జాతి అంటే తెలుగుజాతి, జాతీయ గీతం. "ప్రబల జాతి" అని బోర్డు మీద చూసి, శ్రీనివాస్ చెప్పిన ప్రాబల్య కులాన్ని ఏదో బలమైన దేశమనుకుని జవాబు రాసిన అమ్మాయి నా క్లాసులో ఉండేది. తెలివైన పిల్లే.

బంధుత్వ అధ్యాయానికి వచ్చేసరికి మీదే పైచేయి. ఇంగ్లీషులో "కజిన్" అంటే అందరూ కజిన్లే. మనకు పెద్దమ్మ, పిన్ని, పెదనాన్న, బాబాయి పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మేనత్త, మేనమామ పిల్లలు బావలు, మరదళ్లు. పుస్తకంలో "పారలల్ కజిన్", "క్రాస్ కజిన్" అని బట్టీ పట్టించే తేడా ఇదే. మేనత్తనూ పెళ్లయ్యాక వచ్చే అత్తనూ ఒకే మాటతో ఎందుకు పిలుస్తామో అమ్మమ్మను అడగండి. మేనరికాల ముచ్చట మొదలవుతుంది, ఎవరు ఎవరిని చేసుకున్నారో మూడు తరాల చిట్టా బయటికొస్తుంది. దాన్ని కాగితం మీద వంశవృక్షంగా గీయండి. మానవశాస్త్రవేత్త ఇరావతీ కర్వే బంధుత్వం ఆధారంగా దేశాన్ని ఉత్తర, మధ్య, దక్షిణ, తూర్పు మండలాలుగా ఎందుకు విడదీశారో ఆ కాగితం చూస్తే సగం అర్థమైపోతుంది.

పదాలు పట్టుబడాలంటే ఇంకో మంచి దారి "పరి", అంటే పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా. పి. సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన సైటు. నేతన్నలు, వలస కూలీలు, ఆశా కార్యకర్తలు, ఇలా పల్లె జీవితాల మీద కథనాలు ఉచితంగా ఉంటాయి. చాలా కథనాలు తెలుగు, కన్నడ, ఇంగ్లీషు మూడింట్లోనూ దొరుకుతాయి. వారానికి ఒకటి తెలుగులో చదివి, అదే ఇంగ్లీషులో తెరిచి, మూడు గళ్లూ నింపండి.

7. అంకెలు: ఇక్కడ నేనే బోర్లాపడ్డాను

రెండేళ్లపాటు నా పిల్లలతో 2011 జనగణన ప్రకారం మన దేశంలో వెయ్యి మంది మగవారికి 940 మంది ఆడవారు అని రాయించాను. ఒకసారి వెనక బెంచీ అబ్బాయి లేచి, "మేడమ్, సైటులో 943 అని ఉంది" అన్నాడు. వాడిదే సరి. 2011లో ముందు వచ్చినవి తాత్కాలిక లెక్కలు: జనాభా 121.02 కోట్లు, లింగ నిష్పత్తి 940, అక్షరాస్యత 74.04 శాతం. తర్వాత వచ్చిన తుది లెక్కల్లో జనాభా 121.09 కోట్లు, లింగ నిష్పత్తి 943, అక్షరాస్యత సుమారు 73 శాతం. నెట్‌లో ఈ రెండు రకాలూ కలగాపులగంగా తిరుగుతున్నాయి.

అందుకని:

జనాభా అంకె ఏదైనా సెన్సస్ ఇండియా సైటులోనే చూడండి. పక్కన "ప్రొవిజనల్" అని ఉంటే తీసుకోకండి. మీ పాఠ్యపుస్తకంలోనే పాత అంకె ఉంటే? పరీక్షలో పుస్తకం అంకె రాయండి, ప్రాజెక్టులో తుది అంకె రాసి సంవత్సరం వెయ్యండి. ఇది లౌక్యమే, కాదనను.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెను జనగణన అంకెతో కలపకండి. 2019–21 నాటి అయిదో సర్వేలో వెయ్యికి 1020 మంది స్త్రీలు అని వచ్చింది. దాన్ని పట్టుకుని "దేశంలో ఆడవాళ్లే ఎక్కువైపోయారు" అని రాసేవాళ్లు చాలామంది. అది సుమారు 6.37 లక్షల ఇళ్లలో చేసిన నమూనా సర్వే. ఆ సర్వేలోనే పుట్టుకనాటి నిష్పత్తి 929. పుట్టేటప్పుడే ఆడపిల్లలు తక్కువన్న మాట ఆ 929లో ఉంది. రెండూ రాస్తే జవాబుకు బరువొస్తుంది.

కర్ణాటక అంకెలు విడిగా ఒక పేజీలో పెట్టుకోండి: 2011లో జనాభా 6.11 కోట్లు, లింగ నిష్పత్తి 973, అక్షరాస్యత 75.36 శాతం. భాషల వైవిధ్యం పాఠానికి సెన్సస్ సైటులోని సి-16 పట్టిక తెరవండి. మాతృభాషల లెక్క జిల్లాలవారీగా ఉంటుంది. దేశం మొత్తమ్మీద తెలుగు 8.11 కోట్ల మందితో నాలుగో స్థానంలో ఉంది. బెంగళూరులో మనవాళ్లు ఎంతమందో నేను చెప్పను, అదే మీకు మొదటి అభ్యాసం. 2021లో జరగాల్సిన జనగణన 2027కు వాయిదా పడింది, దాంట్లో కులగణన కూడా చేస్తామని ప్రకటించారు. కొత్త లెక్కలు వచ్చేదాకా 2011వే దిక్కు.

8. ప్రాజెక్టు: గూగుల్ ఫారమ్ అందరినీ పట్టుకోలేదు

ఇంటర్నల్ మార్కుల కోసం సర్వే చెయ్యమంటే పిల్లలు గూగుల్ ఫారమ్ తయారుచేసి క్లాసు గ్రూపులో పడేస్తారు. యాభై జవాబులు వస్తాయి. ఆ యాభైమందీ అదే వయసు, అదే కాలేజీ. దానికి "బెంగళూరు యువత అభిప్రాయం" అని పేరు! ఇంటిపని చేసే అక్క, గేటు దగ్గరి సెక్యూరిటీ ఆ ఫారమ్‌లోకి ఎలా వస్తారు? వాళ్ల దగ్గరికి వెళ్లి, అడిగి, మీరే నింపాలి. పదిమందితో అలా మాట్లాడితే ఆ యాభై క్లిక్కులకంటే మంచి ప్రాజెక్టు అవుతుంది.

అంశం చిన్నది తీసుకోండి: "మా అపార్ట్‌మెంట్‌లో పనిచేసేవాళ్లు ఏ ఏ జిల్లాల నుంచి, ఎందుకు వచ్చారు". ప్రశ్నలు పది దాటకూడదు. అడిగే ముందు ఎందుకో చెప్పి ఒప్పుకుంటేనే అడగండి. పేర్లు, ఫోన్ నంబర్లు రాయకండి. ఫారమ్ సెట్టింగుల్లో ఈమెయిల్ సేకరణ ఆపెయ్యండి. కులం, జీతం అడగాల్సి వస్తే చివర్లో, చెప్పకపోయినా ఫరవాలేదని ముందే చెప్పి. నగరానికి సంబంధించిన డేటా, వార్డుల వివరాలు కావాలంటే ఓపెన్ సిటీ సైటులో వెతకండి.

లెక్చరర్లకు విడిగా నాలుగు ముక్కలు

గ్రామ అధ్యయనాలు చెప్పేటప్పుడు శ్రీనివాస్‌ను మనవాడిగా పరిచయం చెయ్యండి. 1916లో మైసూరులో పుట్టి, 1999లో ఈ బెంగళూరులోనే పోయారు. ఇక్కడి ఐసెక్ (ఇన్‌స్టిట్యూట్ ఫర్ సోషల్ అండ్ ఎకనామిక్ ఛేంజ్) సంస్థలో పనిచేశారు. ఆయన అధ్యయనం చేసి, రాంపుర అని రాసింది మైసూరు దగ్గరి పల్లె గురించే. క్లాసులో తెలుగు పిల్లలుంటే ఎస్.సి. దుబే అధ్యయనం చేసిన పల్లె శామీర్‌పేట కూడా చెప్పండి. హైదరాబాదు వెళ్లినవాళ్లకు ఆ పేరు తెలిసే ఉంటుంది. శాటిలైట్ మ్యాప్‌లో ఇప్పటి శామీర్‌పేట చూపించి, అవుటర్ రింగ్ రోడ్డు పక్కన అప్పటి పల్లెలో ఏం మిగిలిందో అడగండి. పట్టణీకరణ పాఠానికి అంతకంటే ఉపోద్ఘాతం అక్కర్లేదు.

కులం పాఠానికి అంబేడ్కర్ 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రం నెట్‌లో ఉచితంగా ఉంది. కులం లోపలే పెళ్లి అన్న నియమం చుట్టూ ఆయన వాదన నడుస్తుంది. రెండు పేరాలు క్లాసులో చదివించండి చాలు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో థర్‌స్టన్ 1909లో వేసిన ఏడు సంపుటాలు కూడా దొరుకుతాయి, దక్షిణాది కులాల గురించి. అవి దొర రాసిన లెక్కలు. చూపించేటప్పుడు ఎవరు, ఎవరి గురించి, ఎందుకు రాశారో కూడా చర్చించండి. అలా కాకుండా పిల్లల చేతికిస్తే, తమ కులం పేరు వెతుక్కుని, అక్కడ రాసింది చదివి, క్లాసులో గొడవ.

చాట్‌బాట్ల సంగతి. ప్రశ్నలు తయారుచేయించుకోవడానికి వాడండి. నిర్వచనాలు, తేదీలు, "ఫలానా పండితుడు ఇలా అన్నాడు" లాంటివి దాని నుంచి తీసుకోవద్దు. లేని కొటేషన్‌ను ఉన్నట్టు ఇస్తుంది. మన సిలబస్ అడిగితే సీబీఎస్ఈ అధ్యాయాలు కలిపేస్తుంది కూడా.

వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

పుస్తకం మూసి, ఒక భావన తీసుకుని, మీ వీధిలోంచి ఉదాహరణ చెప్పండి. "సామాజిక చలనం" అనుకోండి. కోలారులో కూలిపని చేసిన తాత, కె.ఆర్.పురంలో కొట్టు పెట్టిన నాన్న, పియు చదువుతున్న మీరు. ఇలా చెప్పగలిగితే వచ్చినట్టే. నిర్వచనం గుక్కతిప్పకుండా అప్పజెప్పి ఉదాహరణ దగ్గర ఆగిపోతే రానట్టే.

తర్వాత 80 మార్కుల మోడల్ పేపరు ఒకటి టైము పెట్టుకుని రాయండి. స్నేహితుడితో మార్చుకుని, స్కీమ్ పక్కన పెట్టుకుని దిద్దుకోండి. మీది మీరే దిద్దుకుంటే దయ ఎక్కువవుతుంది. ఏ పాయింటు పోయిందో ఎర్ర పెన్నుతో రాసి, ఆ అధ్యాయానికి మాత్రమే మళ్లీ నాలుగో మెట్టుకు వెళ్లండి.

ఫోల్డర్‌లో ఉన్నదంతా చదివినట్టు కాదు. డిసెంబర్‌లో ఒకసారి తెరిచి, ఒక్కసారీ ముట్టని ఫైళ్లు తీసెయ్యండి. మిగిలినవాటిలో స్కీములు, అంకెల పేజీ, మోడల్ పేపర్లు ప్రింటు తీయించుకోండి. ఫిబ్రవరిలో కాలేజీ ముందు జిరాక్స్ షాపులో నిలబడ్డానికి చోటుండదు, జనవరిలోనే వెళ్లండి.